ఆకుల డాక్టరు వంటిల్లు

"సంచి నేను పట్టుకుంట తియ్యి" అన్నాడు డానీ.

లిల్లీ చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. పందొమ్మిదేళ్ల కాపురంలో డానీ సంచి పట్టుకోవడం అదే మొదటిసారి. పిల్లవాడికి మూడు నెలలున్నప్పుడు కరీంనగర్ బస్టాండులో, చంకన బిడ్డ, రెండు చేతుల్లో రెండు సంచులతో ఆమె బస్సెక్కలేక అవస్థ పడుతుంటే, ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుని "జల్ది ఎక్కు, సీటు పోతది" అని కేకేసిన మనిషి. అలాంటివాడు ఈవేళ పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డబ్బాలు సర్దిన సంచి తానే మోస్తానంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వేరే ఆడదైతే సంతోషించేదేమో. లిల్లీకి మాత్రం అనుమానం వచ్చింది.

అసలు ఈ ప్రయాణమే ఒక అనుమానం. గోదావరి ఒడ్డున చింతలొద్దిలో ఆకుల డాక్టరు బంగళా ఉంది. బొగ్గు పొరల మీది రాళ్లలో ఆకుల అచ్చులు ఏరి, ఇక్కడ ఒకప్పుడు మహారణ్యం ఉండేదని ప్రపంచానికి చూపించిన పెద్ద శాస్త్రవేత్త అనంతశయనం గారిది. ఆయన పోయాక దాన్ని మ్యూజియం చేశారు. దాన్ని చూడాలని ఉందని లిల్లీ ఎప్పుడో పదకొండేళ్ల కింద ఒక్కసారి అంది. "రాళ్లు చూడనీకి రాళ్లల్ల పడి పోవుడెందుకు?" అని అప్పుడు డానీ నవ్వేశాడు. ఆ మాట అతనికి ఇప్పుడు గుర్తుకొచ్చిందట. ఆమె రెస్టు రోజు చూసి మరీ ప్రయాణం కట్టాడు. భర్త గుర్తుపెట్టుకున్నాడంటే మనసు కాస్త మెత్తబడ్డ మాట నిజమే. కానీ మెత్తబడ్డ చోటే కాలు దిగబడుతుందని గనుల ఊళ్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి కూడా ఉంది. మూడు వారాల కింద ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ అత్త సుసన్నా లేచి నిలబడింది. మామూలుగా ఆవిడ తన మోకాళ్ల గురించి చెప్తుంది. ఆ రోజు కొంగు నెత్తి మీదికి లాక్కుని, "మా కోడలు లిల్లీ కొరకు ప్రార్థన చెయ్యున్రి. దానికి నడుం పట్టేస్తున్నది. కండ్లు తిరుగుతున్నయ్. ఏ మాట చెప్పినా యాదికుంటలేదు" అంది. ఆడవాళ్ల వరుసలో కూర్చున్న లిల్లీ, ఈ లిల్లీ ఎవరో పాపం అన్నట్టు చుట్టూ చూసింది. సంఘమంతా కళ్లు మూసుకుని తన నడుము కోసం, తన కళ్ల కోసం, తన జ్ఞాపకశక్తి కోసం ప్రార్థించింది. బయటికొచ్చాక ఆడవాళ్లు ఒక్కొక్కరే చెయ్యి పట్టుకుని "ఏమైంది లిల్లక్కా, గింత దాచుకున్నవా?" అని అడిగారు. ఇంటికొచ్చి నిలదీస్తే సుసన్నా ఏమీ తొణకలేదు.

"ప్రార్థన చేయిస్తే తప్పా బిడ్డా? ఉన్న రోగమైతే పోతది, లేని రోగమైతే రాకుంట ఉంటది."

తరవాతి ఆదివారం కూడా అదే మనవి. ఆ తరవాతిది కూడా. చుట్టుపక్కల క్వార్టర్లలో లిల్లీ రోగి అన్న మాట స్థిరపడిపోయింది. లిల్లీకి మాత్రం నడుము నొప్పి అంటే, పొద్దున నాలుగింటికి లేచి అన్నం, కూర వండి, ఇద్దరి డబ్బాలు కట్టి, ఏడు గంటల షిఫ్టుకు పరుగెత్తే ఏ ఆడదానికైనా ఉండేంతే.

ఆమె పని గని ముఖద్వారం దగ్గరి ల్యాంపు రూములో. "కరెంటు బుగ్గల కింద కూసునుడు గూడ ఒక డ్యూటీయేనా?" అని సుసన్నా వెక్కిరించే పని. లోపలికి దిగే ప్రతి మనిషీ ఆ కిటికీ దగ్గర తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఇచ్చి, అదే నంబరు దీపం తీసుకుని టోపీకి తగిలించుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక కూడా కొక్కేనికి బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అప్పుడు ఫోన్లు వెళతాయి, జనం కదులుతారు. మూడు వందల పైచిలుకు నంబర్లు, వాటి మనుషులు, ఎవరు ఏ షిఫ్టు, ఎవరి దీపం ఈ మధ్య మిణుకుమంటోంది, అన్నీ లిల్లీ నోటికి వచ్చు. ఆమెకు మతిమరుపని సంఘం ప్రార్థన చేసింది.

ఆ కిటికీ దగ్గర ఒక నియమం ఉంది. ఒకరి బిళ్ల మీద ఇంకొకరు దిగకూడదు. దాని వెనక కథను లిల్లీకి తండ్రి జ్ఞానయ్య చెప్పాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు రాయమల్లు, రాజం అని ఇద్దరు దోస్తులు. ఒకరోజు రాయమల్లుకు డ్యూటీ ఎక్కబుద్ధి కాలేదు. అతనికి హాజరు పడాలని రాజం అతని బిళ్ల మీద దిగాడు. ఆ రోజే కప్పు కూలింది. బిళ్ల చూసి రాయమల్లు ఇంటికి కబురు పంపారు. అతని భార్య సారవ్వ గాజులు పగలగొట్టుకుని, వాకిట్లో దొర్లి దొర్లి ఏడుస్తుండగా రాయమల్లు కల్లు దుకాణం నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఆవిడకు నోట మాట పోయింది. రాజం భార్యేమో ఆ వేళకు సారవ్వను ఓదారుస్తూ ఆ వాకిట్లోనే కూర్చుని ఉంది. "ఇద్దరు ఆడోళ్ల ఏడుపులు తారుమారైనయి బిడ్డా" అనేవాడు జ్ఞానయ్య.

ఆ జ్ఞానయ్యకే చివరికి ఊపిరి ఆడకుండా పోయింది. మంచం నుంచి గుమ్మం దాకా నడవడానికి రెండుసార్లు ఆగేవాడు. నిజంగానే పనికి రాకుండా పోయి మెడికల్ అన్‌ఫిట్ అయితే, ఇంట్లో ఒకరికి ఇచ్చే ఆ ఉద్యోగం, కొడుకులు లేరు కాబట్టి పెళ్లికాని పెద్దకూతురు లిల్లీకి వచ్చింది. ఆయన ఊపిరి ఇచ్చి తెచ్చిన ఉద్యోగం. రెండో వస్తువు ఒకటి కూడా ఇచ్చాడు. ఎప్పుడో లోపలి నుంచి అంగీ కింద దాచి తెచ్చిన నల్లరాయి. దాని మీద ఒక పొడుగాటి ఆకు అచ్చు, ఈనెలతో సహా. "గిసొంటియే ఆకుల డాక్టరు ఏరిండు" అని మురిసిపోయేవాడు. లిల్లీ వంటింటి కిటికీలో ఇప్పటికీ ఆ రాయి ఉంది. ఆకుల డాక్టరంటే ఆమెకు గౌరవం ఊరికే రాలేదు.

బండి మీద గంటన్నర ప్రయాణం. సంచిని డానీ తన ముందు, ట్యాంకు మీద పెట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఒక చేత్తో పట్టుకుంటున్నాడు. పులిహోర డబ్బాకు ఇంత మర్యాదా అనుకుంది లిల్లీ.

బంగళా బాగుంది. పెంకుల ఇల్లు, ముందు పొడుగాటి వరండా, పక్కన గిలక బావి, దూరంగా ఇసుక మేటలు వేసిన గోదావరి. గేటు దగ్గరి కౌంటరులో, సంచులు లోపలికి తేకూడదన్నారు. డానీ కాస్త తటపటాయించాడు. "అందుల తినేటియే గదా" అని గొణిగాడు. చివరికి ఇచ్చాడు. కౌంటరు మనిషి ఎనిమిదో నంబరు బిళ్ల ఇస్తే, డానీ చెయ్యి చాపేలోపే లిల్లీ చెయ్యి చాపి తీసుకుంది. బిళ్ల కనపడితే ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది, ఇరవై ఏళ్ల అలవాటు.

లోపల చూపించేవాడి పేరు సదానందం. మెడలో కార్డు, చేతిలో వెదురుపుల్ల. పాఠం అప్పజెప్పినట్టు పుస్తకాల తెలుగులో మొదలుపెట్టాడు. మహానుభావుడు అనంతశయనం గారు పట్నంలో ఉద్యోగాన్ని తృణప్రాయంగా వదిలేసి, ఈ మారుమూల పల్లెలో ఇరవై రెండేళ్లు తపస్సు చేశారట. ఆయన కూర్చున్న కుర్చీ, ఆయన గొడుగు, ఆయనకు విదేశాల నుంచి వచ్చిన ఉత్తరాలు. గాజు పెట్టెల్లో వరసగా ఆకురాళ్లు. లిల్లీ ఒక్కొక్క రాయి దగ్గరా ఆగింది. తండ్రి రాయిలాంటిది మూడో పెట్టెలో కనపడితే గాజు మీద వేలు పెట్టి దాని ఈనెలు లెక్కపెట్టింది. నాన్న కూడా వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

"ఇదే అయ్యగారి ప్రయోగశాల" అంటూ సదానందం వెనక గదిలోకి తీసుకెళ్లాడు.

తూరుపు వైపు పెద్ద కిటికీ, కింద బల్ల, బల్ల మీద సూక్ష్మదర్శిని, సీసాలు. ఒక మూల వేరే గాజుపెట్టెలో మూతపెట్టిన ఇత్తడి పళ్లెం.

"అయ్యగారికి పనిలో పడితే ఆకలి దప్పికలు ఉండేవి కావు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. ఆయన భోజనం చేయడం మరిచిపోయిన పళ్లెం ఇది. ఆ ఏకాగ్రతే ఆయన గొప్పతనం. చూసిన పిల్లలందరికీ ఇది చెప్తాం."

డానీ "వహ్వా" అన్నాడు. లిల్లీ పళ్లెం దగ్గరికి వంగింది. అన్నం మరిచిపోయినవాడు ఒకడుంటే, వండి, వడ్డించి, ఈగలు వాలకుండా మూతపెట్టి, మళ్లీ వచ్చి చూసి, చల్లారిన అన్నాన్ని తీసుకెళ్లి తానే తిన్న మనిషి ఇంకొకరు ఉండి ఉండాలి. మూత పెట్టింది తపస్సు కాదు కదా. డానీ కూడా దుకాణంలో కూర్చుని రెండింటికి ఫోను చేసి "అన్నం తినుడే మర్చిన" అంటాడు. దాన్ని గాజుపెట్టెలో పెట్టే బుద్ధి మాత్రం లిల్లీకి ఎప్పుడూ కలగలేదు. పళ్లెం అంచు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కనిపించాయి. పాతకాలం గిన్నెల మీద పేరు కొట్టించే పద్ధతి. తల పక్కకు వంచి చదివింది. మాణిక్యాంబ.

అయ్యగారి పళ్లెమని చెప్తున్నారు. పేరు మాత్రం మాణిక్యాంబది.

తరవాత ఆమె కళ్లు ఊరికే ఉండలేదు. తేడా ఉన్న చోటును వెతకడం ఆ కళ్లకు అలవాటు. బల్ల కాళ్ల మధ్య గచ్చులో ఒక గుండ్రటి సిమెంటు అతుకు ఉంది, జానెడు వెడల్పు. నేలలో పాతిన రోలును పూడ్చేస్తే అలాగే ఉంటుంది. గోడ మూలన నీళ్లు పోయే తూము. పైన దూలానికి ఎన్ని సున్నాలు వేసినా పోని పొగచూరు, అదీ ఒక్క మూలనే. కిటికీ కూడా ఆడమనిషి నిలబడితే చేతికందే ఎత్తులోనే ఉంది.

"ఇది వంటిల్లు గదా అన్నా?" అంది లిల్లీ.

సదానందం పుల్ల గాలిలో ఆగింది. "ప్రయోగశాల అమ్మా."

"తర్వాత సంగతి కాదు. ముందు వంటిల్లే గదా. గిది రోలు పూడ్చిన జాగ. గది తూము. మరి గిది ల్యాబైతే అమ్మగారు ఎక్కడ వండింది?"

"నీకెందుకే? చూసేది చూడక" అని డానీ మోచేత్తో పొడిచాడు. "ఏమనుకోకు అన్నా. ఈ నడుమ దానికి మనసు మంచిగుంటలేదు."

ఆ మాట లిల్లీకి సూదిలా గుచ్చుకుంది. ముక్కూ మొహం తెలియనివాడికి కూడా ఆమె రోగం గురించి చెప్పాల్సిన అవసరమేమిటి? సదానందం జేబులోంచి తన పాఠం కాగితం తీసి తిరగేసి, ఇందులో అది లేదన్నాడు. పుస్తకాల తెలుగు వదిలి తన మాటలోకి దిగి, "నాకు నేర్పిందే నేను చెప్త అమ్మా. వంటిల్లు ముచ్చట ఎవ్వరు అడగలే ఇప్పటిదాంక" అన్నాడు పాపం.

వెనక గుమ్మంలో ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఇదంతా వింటోంది. లిల్లీ బయటికి రాగానే దగ్గరికొచ్చింది. పేరు పూలమ్మ, అక్కడ ఊడ్చే మనిషి. ఆమె అత్త ఆ కాలంలో ఆ ఇంట్లోనే పని చేసిందట.

"మంచిగ పట్టినవు బిడ్డా. వంటిల్లే అది. మా అత్త చెప్తుండె. ఆ సారుకు రాళ్లు కడుగనీకి నీళ్లు పోయే జాగ గావాలె, పొయ్యి గావాలె, వెలుగు గావాలె. మూడు ఒక్క కాడ ఉన్నది వంటింట్లనే. 'నాలుగు రోజులు ఇయ్యి, పని కాంగనే ఖాళీ చేస్త' అని అమ్మగారిని అడిగిండట."

"నాలుగు రోజులా?"

"ఆ. నాలుగు రోజులే. అమ్మగారు మంచిదే అని గిన్నెలు బయట పెట్టుకున్నది. గిదుగో, గీడ మూడు రాళ్లు పెట్టుకుని వండింది. వానకాలం ఒక చేత గొడుగు, ఒక చేత గరిటె. ఎనిమిదేండ్లకు రేకులు ఏశిండ్రు. సారు పోయేదాంక గిట్లనే. పోయినంక గూడ లోపటికి పోలే. సారు సామాను కదిలియ్యొద్దని పెద్దోళ్లు తాళం ఏశిండ్రు."

పూలమ్మ చీపురుతో చూపించిన చోట, వెనక గోడకు ఆనుకుని రేకుల పందిరి ఉంది. వచ్చినవాళ్లు కూర్చుని తినడానికి సిమెంటు బల్లలు కట్టారు. గోడ మాత్రం ఇప్పటికీ నల్లగానే ఉంది.

నాలుగు రోజులు. లిల్లీకి ఆ మాట కొత్త కాదు. స్కూటీ నాలుగు రోజులు ఇయ్యమని ఆడపడుచు తీసుకెళ్లి నాలుగేళ్లు, లిల్లీ ఇప్పటికీ షేరింగ్ ఆటోలో డ్యూటీకి పోతోంది. జిరాక్సు దుకాణం సగం మూసేసినప్పుడు డానీ రెండు చెడిపోయిన మిషన్లు ముందు గదిలో నాలుగు రోజులకని పెట్టాడు. శనివారం సాయంత్రాలు ఆ గదిలోనే చర్చి పిల్లలకు పాటలు నేర్పేది ఆమె. నలుగురు పిల్లలు, ఒక కంజీర, ఒళ్లు మరిచిపోయి పాడటం. వారమంతా ఆ ఒక్క గంట కోసం బతికేది. దుప్పటి కప్పిన మిషన్ల చుట్టూ పిల్లలెక్కడ కూర్చుంటారు? పాట ఆగిపోయింది. ఆరేళ్లు. అడిగినప్పుడల్లా "తీస్తలే" అంటాడు. ఒక్కసారి కూడా కాదనలేదు డానీ, అదే అతని మంచితనం. లోపలికి పోయిన దీపం షిఫ్టు దాటితే ఊరంతా లేపే మనిషి, ఇంట్లో మాత్రం ఇన్ని కొక్కేలకు ఇన్ని బిళ్లలు వేలాడుతుంటే ఎలా నిద్రపోయింది? తన మీద తనకే కోపం వచ్చింది.

బిళ్ల ఇచ్చి సంచి తెచ్చుకున్నారు. రేకుల పందిరి కింద కూర్చుని పులిహోర తిన్నారు. డానీ ఆమెకు వడ్డించాడు కూడా. చేతులు కడుక్కుని వచ్చి, సంచి అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో కాగితాలు, కాగితాలకు గుచ్చిన కొత్త పెన్ను.

ఇదన్నమాట అసలు సంగతి, అనుకుంది లిల్లీ. మూడు వారాల అనుమానానికి రూపం దొరికేసరికి వింతగా గుండె నెమ్మదించింది.

"కోపం చేయకుండ ఇను" అన్నాడు డానీ. "ఇరవై ఏండ్లు చేసినవు. సాలు. మెడికల్ అన్‌ఫిట్‌కు పెట్టుకుందాం. ఆకాశ్ బతుకు నిలవడతది. వానికి చదువైనంక నౌకరి యాడ దొరుకుతది చెప్పు? యూనియన్ల జగదీశ్వర్ అన్న అన్ని రాసిచ్చిండు. నువ్వు సంతకం పెట్టుడే. డాక్టర్ల బోర్డు ముంగట ఏమడిగినా యాదికి లేదు అనాలె. గంతే."

"ఆకాశ్‌ను అడిగినవా?"

"వాన్ని అడిగేదేముంది? చిన్నపిలగాడు."

కొడుకు పేరు వినగానే లిల్లీ లోపల ఏదో కదిలింది. పద్దెనిమిదేళ్లవాడు, హాస్టల్లో సాంబారు తినలేక సగం చిక్కిపోయినవాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ ఒక్క నిమిషం ఆమె చెయ్యి పెన్ను వైపు వెళ్లింది. తల్లి చెయ్యి అది, దానికి వేరే ఏమీ నేర్పలేదు ఎవరూ. కానీ ల్యాంపు రూము కళ్లు సంతకానికి ముందు నంబరు చూసుకుంటాయి. ఆమె కాగితం మొదటి నుంచి చదివింది.

బాధలు అన్నచోట నడుము నొప్పి, కళ్లు తిరగడం, తీవ్రమైన మతిమరుపు అని రాసి ఉంది. ప్రార్థన మనవి అక్షరం పొల్లుపోకుండా దించినట్టు ఉంది. రేపు ఎవరైనా అడిగితే సంఘం సంఘమే సాక్షి. అత్త లేచి నిలబడి చేయించిన ప్రార్థన దేవుడి కోసం కాదు, ఈ కాగితం కోసం. అన్నం తినడం మరిచిన మగవాడి పళ్లేనికి గాజుపెట్టె కట్టారు లోపల. మూడు వందల నంబర్లు మరవని ఆడదాన్ని మతిమరుపుదని రాసి బయట పందిట్లో కూర్చోబెట్టారు. ఊపిరి లేక గోడ పట్టుకుని నడిచిన తండ్రి గుర్తొచ్చాడు. ఆయన రోగం నిజం. ఆ నిజంతో వచ్చిన ఉద్యోగాన్ని ఈ అబద్ధంతో వదులుకోవాలట.

రెండో పేజీ తిప్పింది. ఉద్యోగం ఎవరికి ఇవ్వాలి అన్నచోట పేరు: డానియేలు. వరుస: భర్త.

"ఆకాశ్ అన్నవు?"

డానీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "వాని చదువు కావద్దా మరి? అప్పటిదాంక నాలుగు రోజులు నా పేరు మీద ఉంటది. తర్వాత వానికే."

లిల్లీకి నవ్వొచ్చింది. పకపకా కాదు, ముక్కుతో వదిలే నవ్వు. ఆ మసిగోడ దగ్గర కూర్చుని ఆ మాట వినాల్సి రావడం ఆమెకు చిత్రంగా అనిపించింది. ఆకాశ్ పేరే ఉండి ఉంటే సంతకం పెట్టేసేదాన్నేమో అన్న ఆలోచన వచ్చింది. ఇంత దగ్గరగా వచ్చి తప్పిందన్నమాట.

"సంతకం పెట్టను" అంది.

"లిల్లీ."

"ఒకరి బిళ్ల మీద ఇంకొకరు దిగొద్దు. ల్యాంపు రూముల నేను మొదలు నేర్చిన మాట అదే."

"ఇంకొకడినా నేను? నీ మొగన్ని!"

"మొగనివే. ఎవరు కాదన్నరు? బిళ్ల మాత్రం నాది."

డానీ గొంతు పెరిగింది, అంతలోనే విరిగింది. "బజార్ల నన్నేమంటరో తెలుసా నీకు? ల్యాంపు రూం లిల్లీ మొగడు అంటరు. పేరు లేదు నాకు. దుకాన్ల ఈగలు కొట్టుకుంట కూసుంటున్న. పొద్దుగాల నువ్వు డ్యూటీకి పోతుంటే నిద్రపోయినట్టు పండుకుంట, తెలుసా?"

తెలుసు. ఆ నిద్ర దొంగనిద్రని లిల్లీకి ఎప్పుడో తెలుసు. నిజంగానే జాలేసింది. నలభై అయిదేళ్ల మనిషి, ఉదయం తొమ్మిదికి దుకాణం తెరిచి మిషను అద్దం తుడిచి తుడిచి కూర్చునేవాడు. కానీ జాలి వేరు, సంతకం వేరు. ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకటే అనుకోబట్టే స్కూటీ పోయింది, పాట పోయింది.

"పేరు లేకుంటే ఎంత బాధనో ఇప్పుడు ఎరుకైందా?" అంది మెల్లగా. "నీకు పని ఎతుకుదాం. నేను గూడ ఎతుకుత, నలుగురిని అడుగుత. నాది మాత్రం అడగకు. ఇంకో ముచ్చట. రేపు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ముందు గదిల మిషన్లు ఉండొద్దు. శనివారం పిల్లలు వస్తరు. ఆదివారం సంఘంల నేనే నిలవడి చెప్త, నాకు ఏ రోగం లేదని. అత్తమ్మకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పుకో."

కాగితాలు మడిచి కవరులో పెట్టి అతని ఒళ్లో పెట్టింది. పెన్ను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

పోయేముందు వరండాలో సదానందం ఒక లావుపాటి పుస్తకం డానీ ముందుకు జరిపాడు. "సార్, మీ అభిప్రాయం." డానీ అభిప్రాయం చెప్పే స్థితిలో లేడు, మెట్లు దిగిపోయాడు. పుస్తకాన్ని లిల్లీ తన వైపు తిప్పుకుంది. ముందు పేజీల నిండా మహానుభావుడు, స్ఫూర్తి, ధన్యులం అన్న మాటలే. చాలా చోట్ల ఒక మగవాడి పేరు, పక్కన 'కుటుంబ సమేతంగా' అని ఉంది. సంతకం కోసం డానీ కొన్న కొత్త పెన్ను మూత తీసి, ల్యాంపు రూము రిజిస్టరులో రాసే గుండ్రటి అక్షరాలతో రాసింది.

"ఆకురాళ్లు బాగున్నాయి. మా నాన్న దగ్గర ఒకటి ఉండేది. ప్రయోగశాల అని చూపించే గది మాణిక్యాంబ గారి వంటిల్లు. పళ్లెం మీద ఉన్న పేరు ఆవిడదే. గదిని నాలుగు రోజులకని తీసుకున్నారు. ఇంకా తిరిగి ఇవ్వలేదు."

కింద పేరు, ఊరు, తన బిళ్ల నంబరు.

సదానందం అటు తిప్పి చదువుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "గిట్ల రాస్తే పైనోళ్లు అడుగుతరమ్మా."

"అడగనియ్యి అన్నా. నంబరు రాసిన గదా."

అతను ఆ గది వైపు ఒకసారి చూశాడు. "మాణిక్యాంబ గారు" అని మెల్లగా, నోరు తిరుగుతుందో లేదో చూసుకుంటున్నట్టు అన్నాడు. చీపురు పట్టుకున్న పూలమ్మ స్తంభం చాటున పళ్లికిలించింది.

గేటు బయట డానీ బండి తిప్పి నిలబెట్టాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. ఖాళీ డబ్బాల సంచి హ్యాండిలు మీది నుంచి తీసి, ఎప్పటిలాగే చూడకుండానే ఆమె వైపు చాపాడు.

"సంచి పట్టుకో."

లిల్లీ వెనక సీటు మీద కూర్చుని కొంగు సర్దుకుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వే పట్టుకో" అంది. "నాలుగు రోజులు."